పసిబిడ్డకు పాయిఖానా అలవాటు
(సంఘం వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



మాకు ఇచ్చిన విషయం వినగానే వేదిక మీద ఒకరిద్దరు పెద్దలు ముసిముసిగా నవ్వారు. చదువులు, ఉద్యోగాలు, స్కాలర్‌షిప్పుల గురించి మాట్లాడవలసిన చోట పిలకాయల దొడ్డి సంగతేమిటని కాబోలు. నవ్వనిది తల్లులు. రోజుకు నాలుగుసార్లు నేల కడిగి, గుడ్డలు పిండి, అత్తగారి జానమాజ్ తడవకుండా కాపాడేది ఎవరో వాళ్ళకు తెలుసు.

మా అమ్మల కాలంలో దీనికి శిక్షణ అనే పేరు లేదు. కాళ్ళు చాపుకొని కూర్చుని, నెలల బిడ్డను రెండు పాదాల మీద కూర్చోబెట్టి, నోటితో ‘స్స్’ అనేవారు. బిడ్డ కానిచ్చేది. నడక వచ్చినాక దొడ్లో విడిచేవారు. ఒంటి మీద చొక్కా తప్ప ఏమీ లేదు, తడిసినా నష్టం లేదు. పెద్దలు చెంబు పట్టుకొని పోతుంటే వెనకనే పోయి చూసి నేర్చుకునేవాళ్ళు. పుంగనూరులోనైనా పలమనేరులోనైనా ఇంతే. ఇప్పుడు తిరుపతిలో మేడమీద రెండు గదుల బాడుగ ఇల్లు. దొడ్డి లేదు, డైపర్ వచ్చింది. ప్రయాణానికి, పెళ్ళికి అది మంచిదే, మేము కాదనము. పగలంతా తొడిగితే మాత్రం బిడ్డకు తడిసిన సంగతే సరిగా తెలియదు. తెలియనిది ఎట్లా చెబుతుంది?

ఎప్పుడు మొదలుపెట్టాలి అని అడుగుతారు. వయసు కంటే గుర్తులు చూడాలి. రెండు గంటలపాటు పొడిగా ఉండడం, వచ్చేముందు తలుపు వెనకకో మంచం చాటుకో పోవడం, తడిస్తే చికాకు పడడం, నిక్కరు తానే కిందికి లాగడం, చెప్పిన చిన్న మాట వినడం. ఇవి చాలామందిలో ఏడాదిన్నర నుంచి మూడేళ్ళ లోపల వస్తాయి. అమెరికాలో బ్రేజిల్టన్ అనే పిల్లల డాక్టరు 1962లో 1170 మంది పిల్లల వివరాలు ప్రచురించారు. బలవంతం లేకుండా, బిడ్డ సిద్ధమైనాకే నేర్పితే, పగటిపూట అలవాటు పూర్తయింది సగటున 28.5 నెలలకు. సగటు అంటే కొందరికి ఇంకా ఆలస్యమనే కదా. పక్కింటి బిడ్డతో పోలిక పెట్టేవాళ్ళు ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

మా ఇంటి సంగతే చెబుతాము, దాచుకోవడం ఎందుకు. మా మనవడికి అప్పుడు రెండేళ్ళ మూడు నెలలు. జూన్‌లో నర్సరీలో వేయాలి, అలవాటు లేని బిడ్డను చేర్చుకోమన్నారు. ఇంటిల్లిపాదీ కంగారుపడ్డాము. గంటగంటకు ఎత్తుకుపోయి కూర్చోబెట్టడం, రాకపోతే కసరడం. ఒకనాడు పది నిమిషాలు కూర్చుని ఊరికే లేచివచ్చి, హాల్లో కానిచ్చాడు. అప్పుడే నమాజుకు బట్టలు మార్చుకొని ఉన్నాము. మేమే వీపు మీద ఒకటి వేశాము.

ఆ రోజు నుంచి వాడు బిగపట్టడం నేర్చాడు. ఒక రోజు, రెండు రోజులు. నాలుగో రోజు వచ్చింది రాయి మాదిరి, పైన నెత్తురు చార. నొప్పి పుట్టింది కాబట్టి ఇంకా బిగపట్టాడు. కాళ్ళు మెలివేసుకొని గోడకు ఆనుకొని ఎర్రబడేవాడు. ముక్కుతున్నాడనుకున్నాము, నిజానికి అది ఆపుకోవడం. ప్రేగులో నిలిచేకొద్దీ నీరు ఇంకిపోయి మలం గట్టిపడుతుంది, గట్టిపడేకొద్దీ నొప్పి, నొప్పికొద్దీ భయం. ఈ చక్రంలో పడిన బిడ్డను మొండి అంటాము మనం.

డాక్టరమ్మ మందు రాసిచ్చి, ముందు మలం మెత్తబడాలి, అలవాటు తరువాత అన్నారు. అన్నం మాని పాలే తాగుతున్నాడని తెలిసి పాలు తగ్గించమన్నారు. నీళ్ళు, బొప్పాయి, ఆకుకూర పెట్టమన్నారు. రెండు నెలలు కూర్చోమని ఒక్క మాట అనవద్దన్నారు. నర్సరీ ఆ ఏడు తప్పింది.

మసీదులోనే మూత్రం పోస్తున్న ఎడారి మనిషిని జనం అదిలించబోతే, ప్రవక్త (స) వాళ్ళను ఆపి, అతను కానిచ్చినాక ఆ చోట బొక్కెనెడు నీళ్ళు పోయించారని హదీసు ఉంది. అది మేము ఎన్నిసార్లు విన్నామో, పిల్లలకు ఎన్నిసార్లు చెప్పామో. చెయ్యి ఎత్తినప్పుడు గుర్తుకు రాలేదు.

రెండోసారి మొదలుపెట్టినప్పుడు తెలిసిన విషయం ఒకటి. వాడికి లెట్రిన్ గుంట అంటే భయం. పెద్దల కొలతకు చేసిన దాని మీద ఆ చిన్న కాళ్ళు అందవు, లోపల చీకటి, నీళ్ళు పోస్తే గుడగుడ శబ్దం. లోపల పడిపోతానని భయపడే బిడ్డకు ఒళ్ళు వదులు కాదు. పాదాలు నేలకు ఆనే చిన్న ప్లాస్టిక్ పాటీ కొని వాకిలి దగ్గర పెట్టాము. తిన్న పావుగంట, అరగంటకు ప్రేగు తనంతట తానే కదులుతుంది కాబట్టి సంగటి తిన్నాక ఐదు నిమిషాలు కూర్చోబెట్టేవాళ్ళం. వస్తే సరి, రాకపోతే లేపేయడమే. మూడో వారంలో, మేము ఫజర్‌కు లేచి బద్నా నింపుకొంటుంటే వాడు ప్లాస్టిక్ మగ్గు పట్టుకొని వెనక నిలబడి ఉన్నాడు.

తల్లులకు రెండు మాటలు. ఆడపిల్లకు ముందు నుంచి వెనక్కు కడగాలి; తిరగేస్తే మలంలోని క్రిములు మూత్రం దారిలో చేరతాయి. పసిబిడ్డ మలానికి దోషం లేదని వీధి కాలువలో పారేస్తుంటాము. అది తప్పు, విరేచనాల క్రిములు అందులోనూ ఉంటాయి. లెట్రిన్‌లోనే వేసి, ఎడమచెయ్యే కదా అనుకోకుండా రెండు చేతులూ సబ్బుతో కడగాలి, బిడ్డవి కూడా.

రాత్రి సంగతి వేరు. నిద్రలో ఆపుకోవడం పగటి అలవాటు కంటే ఆలస్యంగా వస్తుంది. ఐదేళ్ళ పిల్లల్లో కూడా నూటికి సుమారు 15 మంది పక్క తడుపుతారు. చిన్నప్పుడు తండ్రికో తల్లికో ఉండి ఉంటే బిడ్డకు ఉండడం జాస్తి, కాబట్టి తిట్టే ముందు నాన్నమ్మను అడగండి. తావీజు కట్టేవారు కడతారు, దానిలోకి మేము పోము. కాని మూత్రంలో మంట, జ్వరం, విపరీతమైన దాహం, లేదా చాలా నెలలు పొడిగా ఉన్న బిడ్డ మళ్ళీ తడపడం, ఇవి కనిపిస్తే పిల్లల డాక్టరుకు చూపించాలి. తిరుపతి రుయా పెద్దాసుపత్రిలో పిల్లల విభాగం ఉంది.

మా మనవడికి ఇప్పుడు నాలుగేళ్ళు. బడికి పోతున్నాడు. వారానికి ఒకటి రెండు రాత్రులు పక్క తడుపుతాడు. రబ్బరు గుడ్డ మీద పాత దుప్పటి వేసి పడుకోబెడుతున్నాము, పొద్దున్నే మేమే ఉతుకుతున్నాము.