ఇన్, ఆన్, ఎట్: ఎవరి ఇంగ్లీష్ కరెక్ట్?

ఈ రోజు టాపిక్ చూడటానికి చిన్నదే, ప్రిపొజిషన్స్. కానీ చాలామందిని మీటింగ్‌లో నోరు విప్పనివ్వనిది ఇదే. కోడ్ బ్రహ్మాండంగా రాసేవాళ్లు కూడా క్లయింట్ కాల్‌లో మ్యూట్ తీయరు. ఇన్ అనాలా, ఆన్ అనాలా అని లోపల లెక్కలు వేసుకునేలోపు అక్కడ టాపిక్ దాటిపోతుంది.

మనకి ఇది కష్టం అనిపించడానికి ఒక కారణం ఉంది. తెలుగులో 'లో' ఒక్కటే ఎన్ని పనులు చేస్తుందో చూడండి. కారులో, బస్సులో, ఇంట్లో. ఇంగ్లీష్‌లో ఇన్ ద కార్, ఆన్ ద బస్, ఎట్ హోమ్. మన ఒక్క మాటకి అక్కడ మూడు. తికమక పడటం తెలివితక్కువతనం ఏమీ కాదు.

సరే, వాళ్లలో వాళ్లకైనా ఒకటే మాట ఉందా అంటే, లేదు. బ్రిటన్ వాళ్లు ఎట్ ద వీకెండ్ అంటారు, అమెరికా వాళ్లు ఆన్ ద వీకెండ్ అంటారు. డిఫరెంట్ ఫ్రమ్ అన్నిచోట్లా నడుస్తుంది, కానీ బ్రిటన్‌లో డిఫరెంట్ టు, అమెరికాలో డిఫరెంట్ దాన్ కూడా వినిపిస్తాయి. క్యూలో నిలబడితే అమెరికాలో మామూలుగా ఇన్ లైన్. న్యూయార్క్‌లో మాత్రం ఆన్ లైన్ అనేవాళ్లు ఉన్నారు, ఇంటర్నెట్‌తో సంబంధం లేకుండా! ఇవన్నీ యాస లాంటివి. గోదావరి మాట, వరంగల్ మాట వేరైనట్టే. ఏదీ తప్పు కాదు.

డిస్కస్ అబౌట్ సంగతి వేరు. మన 'గురించి' అక్కడ దూరిపోయి అబౌట్ అయింది. మన దేశంలో అందరికీ అర్థమవుతుంది, కానీ బ్రిటిష్, అమెరికన్ గ్రామర్ రెండూ వద్దంటాయి. పరీక్షలో, రెజ్యూమెలో తీసేయండి.

ఇప్పుడు అసలు జాగ్రత్త పడాల్సిన చోటు. మనం తెలుగులో 'శుక్రవారం వరకు ఇచ్చేస్తా' అనేస్తాం. అదే ఇంగ్లీష్‌లో అంటిల్ ఫ్రైడే అయి కూర్చుంటుంది. అంటిల్ అంటే అప్పటిదాకా ఆ పని అలా సాగుతూనే ఉంటుందని. అప్పటికల్లా పూర్తి చేస్తాం అని చెప్పాలంటే బై ఫ్రైడే.

ఇంకొకటి. అమెరికా క్లయింట్ 'సర్వర్ మండే త్రూ థర్స్‌డే డౌన్' అన్నాడంటే గురువారం కూడా కలిపే. గురువారం పొద్దున్నే డిప్లాయ్ చేద్దామని ప్లాన్ వేసుకుంటే అంతే సంగతులు. డౌట్ ఉంటే 'ఇంక్లూడింగ్ థర్స్‌డే?' అని అడిగేయండి. ఎవరూ ఏమీ అనుకోరు.

సో, యాస తేడా అయితే వదిలేయండి. తారీఖు మారిపోయే తేడా అయితే అడగండి. ఈ వారం మీకొచ్చిన మెయిల్స్‌లో బై, అంటిల్, త్రూ ఎక్కడెక్కడ ఉన్నాయో ఒకసారి వెతికి చూడండి. మళ్లీ కలుద్దాం, ఉంటాను.