పల్లెలకు నిస్తంత్రి అంతర్జాలము: పరికరముల వెల, ఋణము తీఱు విధము



నేటి ప్రసంగవిషయము పల్లెలలో నిస్తంత్రి అంతర్జాలమును నెలకొల్పు చిన్న వ్యాపారము. తీగ లేకుండ తరంగముల ద్వారా ఇంటింటికి ఇంటర్నెట్టును అందించుటయే ఈ పని. ఊరి యువకులు ఇద్దఱో ముగ్గురో కూడి దీనిని తలపెట్టినప్పుడు వారు మొదట వచ్చునది పెద్దలయొద్దకే. పంచాయతీ భవనముపై చోటు కావలెనందురు. బ్యాంకు అప్పునకు హామీ సంతకము కావలెనందురు. సంతకము చేసినవాడు రేపు అప్పునకు బాధ్యుడగును. చేయనివాడు ఊరి మేలునకు అడ్డుపడినవాడగును. కావున అవునని గాని కాదని గాని చెప్పుటకు ముందు, దేనికెంత వ్యయమగునో, ఆ ధనము ఎట్లు తిరిగివచ్చునో తెలిసికొనుట యుక్తము.

ఈ పనిలో మూడంచెలు గలవు. ఎక్కడనో వచ్చి ఆగిన మూలధార మొదటిది. ఆ ధారను దూరపు గ్రామమునకు చేర్చు జంట యాంటెన్నాలు రెండవది. గ్రామములో ఇంటింటికి పంచు పరికరములు మూడవది. చెఱువు, కాలువ, బోదె అని యనుకొన్నచో సులభముగా బోధపడును.

మొదటిదానికి మన రాష్ట్రమున కొంత సౌకర్యము కలదు. గ్రామపంచాయతీలకు గాజుతీగ వేయు పథకమును కేంద్రప్రభుత్వము 2011లో అంగీకరించెను. అదియే పిమ్మట భారత్‌నెట్ అను పేరు వహించెను. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2015లో ఫైబర్‌నెట్ సంస్థను స్థాపించి, భూమి త్రవ్వు ఖర్చు తప్పించుటకై విద్యుత్ స్తంభములమీదుగనే తీగను లాగించెను. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్‌గారు దానిని ప్రారంభించిరి. తీగ చేరిన యూరినుండి చేరని యూరికి ధారను మోయుటయే నిస్తంత్రి పని.

ఇందులకు తఱచుగా వాడునది 5 గిగాహెర్ట్‌జ్ తరంగము. 2018 అక్టోబరులో కేంద్రప్రభుత్వము ఈ శ్రేణిలో 605 మెగాహెర్ట్‌జ్ మేర తరంగములను లైసెన్సు అక్కఱలేకుండ వాడుకొన ననుమతించెను. తరంగమునకు వెల లేదు గాని నియమము కలదు: ఒక యాంటెన్నాకు రెండవ యాంటెన్నా కనబడవలెను. కనబడినంత మాత్రమున చాలదు. పది కిలోమీటర్ల దూరమైనచో, నడిమిచోట ఆ చూపుగీతకు క్రిందను ప్రక్కలను ఏడు మీటర్ల మేర చెట్టుకొమ్మ గాని మేడ గాని అడ్డురాకుండుట మంచిది. భూమి గుండ్రముగా నుండుటచేత నడుమ మఱి ఒకటిన్నర మీటరు చేర్చుకొనవలెను. కొబ్బరితోటల ప్రక్కనున్న యూళ్లవారికి దీని కష్టము వేఱుగ చెప్పనక్కఱలేదు.

మన తెలుగుదేశమున దీనికి మంచి దృష్టాంతము కలదు. 2005 ప్రాంతమున బైఱ్ఱాజు ఫౌండేషన్ అను ధర్మసంస్థ పశ్చిమగోదావరి గ్రామములలో అశ్విని అను నిస్తంత్రిజాలమును నెలకొల్పి, దూరమునుండి పాఠములు చెప్పుటకును వైద్యసలహా లిచ్చుటకును వినియోగించెను. ఐ.ఐ.టి. ఆచార్యులు భాస్కరన్ రామన్‌గారును వారి సహచరులును ఈ జాలమును పరిశీలించి, వ్యయములో సింహభాగము రేడియో పరికరములది కాదు, వానిని నిలుపు టవర్లదని తేల్చిరి. డెల్టా చదునైన నేల. చెట్లను దాటి చూపు సాగవలెనన్న ఎత్తైన ఉక్కుస్తంభము నిలుపక తప్పదు. స్తంభము ఎత్తు పెరిగినకొలది వెల ఇంకను త్వరగా పెరుగును.

ఈ యనుభవము మనకు రెండు పాఠములు చెప్పుచున్నది. మొదటిది, ఎవరైనను అంచనా తెచ్చినప్పుడు పెట్టెల ధర కంటె ముందు స్తంభముల సంఖ్యను, ఎత్తును అడుగవలెను. రెండవది ధనమును గూర్చినది. ఆ ధర్మసంస్థను స్థాపించినది సత్యం కంప్యూటర్స్ సంస్థాపకుని కుటుంబము. 2009 జనవరిలో సత్యం సంక్షోభమున పడెను. దాత ఒక్కడే యైనచోట దాతకు కష్టము వచ్చినప్పుడు ధర్మమునకును కష్టము వచ్చును. నెలనెల వినియోగదారు లిచ్చు రుసుముతో నడువగల పనియే నిలుచును.

నర్సీపట్నము ప్రాంతమున ప్రకృతి మనకొక యుపకారము చేసినది. గొలుగొండ, నాతవరము వైపునను, లంబసింగి దారిని చింతపల్లి వైపునను కొండలు లేచియున్నవి. డెల్టావారు కొని తెచ్చుకొన్న ఎత్తు మనకు ఊరకనే కలదు. గుట్టపై చిన్న గొట్టపు స్తంభము చాలును. కాని గుట్టమీదికి కరెంటు రాదు. సోలారు పలక, బ్యాటరీ మోయవలెను. గుట్ట అడవిశాఖదైనచో 1980 నాటి అటవీసంరక్షణచట్టము ననుసరించి అనుమతి పొందవలెను. చింతపల్లి వంటి ఏజెన్సీ భూములలో 1970 నాటి 1వ నిబంధన, అనగా మనము వన్ ఆఫ్ సెవెంటీ అను దానిప్రకారము, గిరిజనేతరుడు భూమిని కొనరాదు, కౌలునకును తీసికొనరాదు. అచ్చట ఆ గ్రామపు గిరిజన యువకులే యజమానులుగా పని సాగించుట న్యాయమును, క్షేమమును.

పిడుగును మఱువరాదు. ఎత్తైనచోట లోహపుకడ్డీ నిలిపినచో దానికి మంచి ఎర్తు ఉండవలెను. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖతీరమును తాకినప్పుడు స్తంభముల గతి యేమయ్యెనో మన జిల్లావారికి గుర్తే. కావున బీమా రుసుమును మొదటి అంచనాలోనే చేర్చవలెను.

అనుమతులు రెండు విధములు. బడిముందఱనో సంతలోనో వైఫై అమ్మదలచినవారికి 2020 డిసెంబరులో కేంద్రము ఆమోదించిన పి.ఎం.-వాని పథకము కలదు. అందు చిన్న దుకాణదారునకు లైసెన్సు గాని రుసుము గాని లేదు. ఇట్టివారికి 200 ఎం.బి.పి.ఎస్. లోపు ఇంటి కనెక్షన్లను సాధారణగృహస్థుని ధరకు రెండింతలు మించకుండ ఈయవలెనని 2025 జూనులో ట్రాయి ఉత్తరువు చేసినది. అంతకుముందు మూలధార ధరయే వారికి పెద్ద భారముగా నుండెను. ఇంటింటికి కనెక్షను ఇయ్యదలచినవారు లైసెన్సు గల సంస్థతో భాగస్వామ్యపత్రము వ్రాసికొనుట సులభమార్గము.

ఇక ధనము మాట. ముద్ర పథకము 2015లో ఆరంభమయ్యెను. శిశు పేర 50,000 వఱకు, కిశోర్ పేర 5 లక్షల వఱకు, తరుణ్ పేర 10 లక్షల వఱకు అప్పు లభించును. దీనికి తాకట్టు అక్కఱలేదు. కావున పెద్దలు పొలముకాగితములు పెట్టవలసిన పనిలేదు. 2025-26 వఱకు పొడిగింపబడిన ప్రధానమంత్రి ఉపాధికల్పన పథకములో గ్రామములందు సామాన్యవర్గమునకు వ్యయములో 25 పాళ్లు, ఎస్.సి., ఎస్.టి., స్త్రీలు మొదలగువారికి 35 పాళ్లు సబ్సిడీ నిర్ణయింపబడినది. ఆ సొమ్ము మూడేండ్లు డిపాజిటుగా నుండి పిమ్మట అప్పునకు జమపడును. తరువాతి స్థితిని జిల్లా పరిశ్రమల కేంద్రమున విచారింపవలెను.

ఒక లెక్క వేయుదము. ఇవి అంగడిధరలు కావు, విధము తెలియుటకు పెట్టుకొన్న అంకెలు. స్తంభములకు 2 లక్షలు, రేడియోలకు 1 లక్ష, బ్యాటరీ పలకలకు 1 లక్ష, 80 ఇండ్ల పరికరములకు ఇంటికి 2,500 చొప్పున 2 లక్షలు. మొత్తము 6 లక్షలు. సొంతసొమ్ము 60,000, సబ్సిడీ లక్షన్నర పోగా అప్పు 3,90,000. నూటికి 12 వడ్డీతో ఐదేండ్ల వాయిదాలకు లక్షకు నెలకు 2,224 చొప్పున సుమారు 8,675 రూపాయలు కట్టవలెను. మూలధారకు 8,000, పనివానికి 6,000, కరెంటు, అద్దెలకు 1,500. మొత్తము 24,175. ఇంటికి 350 చొప్పున 80 ఇండ్లకు రాబడి 28,000. మిగులు 3,825 అని యువకులు సంతసింతురు.

ఉగాదినాడు పంచాంగశ్రవణమున ప్రతిరాశికి ఆదాయము, వ్యయము అని రెండు పద్దులు చదువుదురు. ఈ వ్యాపారమునకు మూడవ పద్దు కలదు; అది అరుగుదల. స్తంభము నిలుచును గాని రేడియోలు, బ్యాటరీలు, ఇంటిపరికరములు ఐదేండ్లలో మార్చవలసివచ్చుననుకొన్నచో ఆ 4 లక్షలకు నెలకు సుమారు 6,670 దాచవలెను. అప్పుడు మిగులు పోయి 2,845 లోటు తేలును. ఎద్దు ముసలిదగునని రైతునకు తెలియును. పెట్టె ముసలిదగునని వ్యాపారికి మొదట తోచదు. అప్పు తీఱిన సంవత్సరమే సామాను చెడి మరల అప్పు చేయుట ఇందువలననే.

దీనికి తరుణోపాయ మేమి? ప్రతియిల్లు తన పరికరమునకు 2,500 ముందుగా చెల్లించి తన సొంతము చేసికొన్నచో పెట్టుబడి 4 లక్షలకు తగ్గును. సొంతసొమ్ము 40,000, సబ్సిడీ 1 లక్ష పోగా అప్పు 2,60,000. వాయిదా సుమారు 5,785. అరుగుదలకు పూర్తిగా దాచినను నెలఖర్చు 27,955. నలువదియైదు రూపాయలైనను మిగులుప్రక్కనే నిలుచును. ముందుగా డబ్బు చెల్లించిన యిల్లు నెల తిరుగకుండ మానివేయదు, ఇదియొక లాభము. చెల్లింపలేని పేదయింటికి రెండుమూడు వాయిదాలు పెట్టవచ్చును.

2023లో పెద్ద కంపెనీలు ఎయిర్‌ఫైబర్ పేర టవరునుండి ఇంటికి ఇట్టి సేవనే ప్రారంభించినవి. వారి సంకేతము బాగుగా చేరు పట్టణములో పోటీపడుట సాహసము. వారు చేరని గ్రామములలోనే మన యువకులకు చోటు.

కావున పెద్దలు సంతకమునకు ముందు నాలుగు ప్రశ్న లడుగుడు. స్తంభములెన్ని, ఎంత ఎత్తు? గుట్ట ఎవరిది? ముందుగా డబ్బు చెల్లించిన యిండ్లెన్ని? అరుగుదలసొమ్ము ఏ ఖాతాలో నుండును? నాల్గింటికిని కాగితముపై జవాబు వచ్చినచో ఆశీర్వదించి చోటు చూపుడు. రాకున్నచో యువకులను కసరక, లెక్క సరిచేసికొని రమ్మనుడు. పిల్లల పరీక్షలును, పింఛనుదారుల పనులును ఈ ధారపైననే ఆధారపడియున్న కాలమిది; ఒక్కసారి ఆరంభించి ఆగిపోయిన పనికంటె ఒక ఏడు ఆలస్యముగా ఆరంభించి నిలిచిన పని మేలు.