తెలుగు బదులు డబ్బాలు
(మహాసభల సాంకేతిక సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం "ఇంటి కంప్యూటరు కష్టాలు, చిట్కాలు". సరిగ్గా భోజనాల ముందు సమయం ఇచ్చారు. ఆకలి మీద ఉన్నవాళ్ళకు ఉపన్యాసం ఎంత రుచిస్తుందో నాకు తెలుసు కనుక విషయంలోకి వచ్చేస్తాను.

ఇరవయ్యేళ్ళకు పైగా నేను ఈ దేశంలో సాఫ్ట్‌వేర్ ఇంజనీరుగా పనిచేస్తున్నాను. ఆఫీసులో నా పని లెక్కల ప్రోగ్రాములు రాయడం. మనవాళ్ళ లెక్కలో మాత్రం సాఫ్ట్‌వేర్ అంటే కంప్యూటర్ డాక్టరు. పెళ్ళికి వెళ్ళి అక్షింతలు వేసి వేదిక దిగేలోగా కనీసం ఇద్దరు పట్టుకుంటారు, "బాబూ, మా కంప్యూటరు పడుకుంది, ఒక్కసారి చూస్తావా?" అని. నిజం చెప్పాలంటే నాకిది ఇష్టమైన పనే. సాయంత్రాలూ ఆదివారాలూ ఇలాంటి వైద్యం చేసే మిత్రులం ఇక్కడ నలుగురైదుగురం ఉన్నాం. ఫీజు ఒక కప్పు తేతారిక్.

మా వైద్యంలో మొదటి ప్రశ్న ఒకటే. "నిన్నటికీ ఇవాళ్టికీ ఏం మారింది?" అందరూ "ఏమీ మారలేదు" అంటారు. పది నిమిషాలు కబుర్లు చెప్పాక "మొన్న మనవడు ఏదో ఆట ఎక్కించాడు" అన్న మాట బయటికొస్తుంది. రెండో ప్రశ్న, "తెరమీద ఏమని వచ్చింది?" దానికి జవాబు, "ఏదో ఇంగ్లీషులో వచ్చింది బాబూ, మూసేశాను." ఆ వచ్చిందాన్ని ఫోనుతో ఫొటో తీసి పెట్టండి, సగం వైద్యం అయిపోయినట్టే. మూడోది, ఒకసారికి ఒక్క మార్పే చెయ్యాలి. ఐదు మందులు కలిపి మింగితే ఏ మందు పనిచేసిందో ఎవరికీ తెలియదు.

మన దేశపు వాతావరణానికి ప్రత్యేకమైన జబ్బులు కొన్ని ఉన్నాయి. కౌలాలంపూర్ చుట్టుపక్కల మధ్యాహ్నం దాటాక మబ్బు పట్టిందంటే పిడుగులే. టెలిఫోన్ తీగ మీద ఇంటర్నెట్ వచ్చే రోజుల్లో ఒక్క పిడుగుకి మోడెమ్, దాని వెనకాలే మదర్‌బోర్డూ మాడిపోయేవి. మిక్సీ ప్లగ్ తీసినట్టు టెలిఫోన్ తీగ కూడా తియ్యాలని మనవాళ్ళకు తట్టేది కాదు. ఇప్పుడు ఫైబర్ వచ్చింది, గాజుతీగ గుండా పిడుగు రాదు. కానీ ఆ పెట్టెకు కరెంటిచ్చే తీగ రాగిదే కదా, అది తియ్యాలి.

తేమ సంగతి మరొకటి. మీట నొక్కితే బీప్ బీప్‌మని అరుస్తుందే తప్ప తెరమీద ఏమీ రాదు. చాలాసార్లు దోషం ర్యామ్ పుల్ల మొనల దగ్గర పట్టిన మురికిది. కరెంటు తీసేసి, ముందు ఏదైనా ఇనప వస్తువు ముట్టుకుని, పుల్ల బయటికి తీసి, ఆ పచ్చటి మొనల్ని పిల్లల రబ్బరుతో మెల్లగా తుడిచి మళ్ళీ గట్టిగా కూర్చోబెట్టండి. బుకిత్ బింతాంగ్‌లోని లో యాట్ ప్లాజాలో ఇదే చేస్తారు, సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనూ ఇదే చేస్తారు. రబ్బరు మాత్రం మన ఇంట్లోనే దొరుకుతుంది.

ఇంకొకటి. ఒక అక్కగారికి బ్యాంకు సైటు తెరుచుకోవడం మానేసింది. సైటు ప్రమాదకరమని బ్రౌజరు హెచ్చరిక. ఆమె వైరస్ అనుకుని రెండు యాంటీవైరస్‌లు ఎక్కించారు, కంప్యూటరు ఇంకా నత్తలా తయారైంది. నేను చూసింది తెర మూలనున్న గడియారం. అది పదేళ్ళు వెనకబడి ఉంది! ప్రతి సురక్షిత సైటుకూ ఒక ధ్రువపత్రం ఉంటుంది, ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు చెల్లుతుందని. కంప్యూటరు పదేళ్ళ కిందట ఉందనుకుంటే ఆ పత్రం ఇంకా పుట్టనే లేదు. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ, సీఆర్ 2032, అయిపోయింది. మార్చాం, బ్యాంకు తెరుచుకుంది. రెండో యాంటీవైరస్ తీసెయ్యడానికే ఎక్కువసేపు పట్టింది.

ఇవన్నీ వస్తువు జబ్బులు. డబ్బు పెడితే కొత్త వస్తువు వస్తుంది. నేను ఈ వేదిక ఎక్కడానికి ఒప్పుకున్నది మరో జబ్బు గురించి చెప్పడానికి. తెలుగు రావలసిన చోట వరసగా డబ్బాలు, లేదా చుక్కలూ కొమ్ములూ ఉన్న లాటిన్ అక్షరాల చెత్త రావడం.

కంప్యూటరుకి అక్షరం తెలియదు, సంఖ్యే తెలుసు. ఇంగ్లీషు పెద్ద 'ఎ' అంటే దానికి 65. తొలిరోజుల్లో తెలుగుకి సంఖ్యలు లేవు కనుక మనవాళ్ళు ఒక ఉపాయం చేశారు. 65 అనగానే 'ఎ' బొమ్మ బదులు ఒక తెలుగు ముక్క బొమ్మ గీసే ఫాంట్లు తయారుచేశారు. అంటే లోపల ఉన్నది ఇంగ్లీషే, పైన కట్టింది తెలుగు వేషం. ఒక్కో కంపెనీ, ఒక్కో పత్రిక ఒక్కో వేషం కట్టింది. ఆ ఫాంటు ఉన్న కంప్యూటరులో చక్కటి తెలుగు, లేనిచోట గజిబిజి. అదే సమయంలో అమెరికాలో రైస్ విశ్వవిద్యాలయం దగ్గర కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ గార్లు ఆర్.టి.ఎస్. పద్ధతి చేశారు. ఇంగ్లీషు అక్షరాలతో ఏ సందిగ్ధం లేకుండా తెలుగు రాసే పద్ధతి అది. ఇవాళ ఫోనులో "ఎలా ఉన్నావు" అని ఇంగ్లీషు మీటలు నొక్కితే తెలుగు వస్తుందంటే దాని మూలపురుషుల్లో అదొకటి.

యూనికోడ్ తొలి వెర్షన్ 1991లో వచ్చింది, అందులోనే తెలుగుకి సొంత సంఖ్యలు దొరికాయి. 3072 నుంచి 3199 దాకా మన పేట. 'అ' 3077, 'క' 3093. ప్రపంచంలో ఎక్కడైనా అంతే. కానీ ఇల్లు ఇచ్చినంత మాత్రాన కాపురం మొదలవ్వదు కదా! మైక్రోసాఫ్ట్ తన విండోస్‌లో తెలుగు చూపించడం 2001 నాటి ఎక్స్‌పీతో మొదలైంది, గౌతమి ఫాంటుతో. అది కూడా కంట్రోల్ ప్యానెల్‌లో భాషల పేజీకి వెళ్ళి, సంక్లిష్ట లిపుల గడిలో టిక్కు పెట్టి, ఎక్స్‌పీ సీడీ దూర్చితేనే. ఆ టిక్కు ఎన్ని ఇళ్ళలో పెట్టానో లెక్కలేదు. సీడీ ఎక్కడుందంటే ఎవరికీ తెలియదు, నా సంచీలో ఒకటి తిరుగుతూ ఉండేది. 2006లో వీవెన్ గారి లేఖిని వచ్చాక రాయడం సులువైంది. పత్రికల వేషం ఫాంట్లను యూనికోడ్‌లోకి మార్చి చూపించే పద్మ అనే పరికరాన్ని నాగార్జున వెన్నా గారు ఫైర్‌ఫాక్స్‌కి చేశారు. వీళ్ళంతా సొంత సమయంలో, జీతం లేకుండా చేసినవాళ్ళు.

ఇప్పుడు అసలు సంగతి. 2016లో ఒక అక్క ఫోన్ చేసింది. వాళ్ళ నాన్నగారు పేరాక్ రాష్ట్రంలో బాగన్ దాతుక్ వైపు కొబ్బరితోటల్లో పుట్టి పెరిగినవారు, తోటబడిలో తెలుగు నేర్చుకున్నవారు. రిటైరయ్యాక కంప్యూటరు కొనుక్కుని, విశాఖ బంధువెవరో ఎక్కించి ఇచ్చిన ఫాంటుతో కుటుంబ చరిత్ర టైపు చేశారు. వాళ్ళ తాతగారు శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి పినాంగ్‌లో దిగిన దగ్గర్నుంచి. పెద్దాయన పోయారు. మిగిలింది ఒక సీడీ, రెండు ఫ్లాపీలు. "తమ్ముడూ, ఇది నాన్న రాసిందేనా? చీమలు పాకినట్టుంది" అంది. ఆమెకు తెలుగు చక్కగా మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. వాళ్ళకు కావలసింది ఒక్కటి. ఏ ఊరి నుంచి వచ్చామో ఆ పేరు. అది నాన్నకి తెలుసు, రాశానని చెప్పేవారు, ఎవరూ అడిగి రాసుకోలేదు.

ఫ్లాపీల మీద బూజు పట్టింది, ఒకటి అసలు చదవలేదు. సీడీ చదివింది. వర్డ్‌లో ఫైలు తెరిచి అక్షరాల మీద నొక్కితే, ఫాంటు మన దగ్గర లేకపోయినా దాని పేరు మాత్రం పైన కనిపిస్తుంది. ఈ చిట్కా గుర్తుపెట్టుకోండి. ఆ పేరు పట్టుకుని విశాఖలో తెలిసిన ఒక డీటీపీ షాపులో వాకబు చేస్తే పాత సీడీలోంచి ఫాంటు దొరికింది. ఎక్కించగానే తెలుగు కనపడింది, ఆమె కళ్ళు తుడుచుకుంది. కానీ అది ఇంకా వేషమే. రేపు ఇంకో కంప్యూటరులో మళ్ళీ చీమలే. అందుకని ఏ సంఖ్యకి ఏ తెలుగు ముక్కో పట్టిక రాసుకుని, యూనికోడ్‌లోకి మార్చే చిన్న ప్రోగ్రాము రాశాను. తలకట్టు ఒక ముక్క, గుడి ఒక ముక్క, వత్తులు వేరే. ఆ ఫాంటులో క్రావడి హల్లుకి ముందు వస్తే, యూనికోడ్‌లో తర్వాత రావాలి.

అన్నీ సర్దాక కూడా ఒక వింత మిగిలింది. ప్రతి వాక్యంలో మొదటి అక్షరం తప్పుగా వస్తోంది! మధ్యలో అంతా బాగుంది. పట్టికలో దోషమైతే అన్నిచోట్లా ఉండాలి, మొదటి అక్షరానికే ఎందుకు? దోషం వర్డ్ ఆటోకరెక్ట్‌ది. అది తెలుగు వేషం వెనక ఇంగ్లీషునే చూసింది. ఇంగ్లీషు వాక్యం పెద్దక్షరంతో మొదలవ్వాలి కనుక, పెద్దాయన టైపు చేస్తుండగా ప్రతి వాక్యం మొదటి అక్షరాన్నీ పెద్దది చేసేసింది. ఆ ఫాంటులో చిన్నక్షరానికి ఒక తెలుగు ముక్క, పెద్దక్షరానికి ఇంకొకటి. నిటారు కొటేషన్ గుర్తుల్ని వంకర గుర్తులుగా మార్చి ఇంకొన్ని ముక్కల్ని కూడా పాడుచేసింది. ఆయన పాపం ఎన్నిసార్లు దిద్దుకుని విసిగిపోయారో!

ఊరిపేరు సరిగ్గా ఒక వాక్యం మొదట్లో ఉంది. రెండు రకాలుగా చదవచ్చు, శ్రీకాకుళం వైపు పటంలో వెతికితే రెండు పేర్లకూ ఊళ్ళున్నాయి. చివరికి అరవయ్యో పేజీ దాటాక, తాతగారు ఇంటికి రాయించిన ఉత్తరం ప్రస్తావనలో అదే పేరు వాక్యం మధ్యలో దొరికింది. మధ్యలో కనుక ఆటోకరెక్ట్ ముట్టుకోలేదు.

ప్రూఫు ఎలా దిద్దామంటే, నేను పైకి చదవడం, ఆమె వినడం. స్పెల్‌చెక్ 'బేగి' అన్న మాట కింద, 'ఏటి' అన్న మాట కింద ఎర్రగీత గీసింది. ఆమె వింటూనే "నాన్న అలాగే అనేవాడు" అంది. ఆ గీతల్ని పట్టించుకోకుండా ఆ మాటల్ని అలాగే ఉంచాం. నాలుగు ఆదివారాలు పట్టింది. ఫ్లాపీలో పోయిన పేజీలు పోయాయి. ఏ అధ్యాయమో విషయసూచిక వల్ల తెలుస్తోంది, అమ్మ గురించిన అధ్యాయం. మర్నాటి సంక్రాంతికి ఆ కుటుంబం ఆ ఊరు వెళ్ళి వచ్చింది.

యూనికోడ్ వచ్చాక కష్టాలు తీరిపోయాయా అంటే, 2018 ఫిబ్రవరి గుర్తుందా? మన 'జ్ఞా' ఒక్కటి ఐఫోన్లను కూలదోసింది. జకారం, పొల్లు, ఞకారం, ఆ తర్వాత కంటికి కనపడని ఒక విడదీసే గుర్తు, ఆపైన దీర్ఘం. ఈ వరస సందేశంలో వస్తే ఆ యాప్ తెరుచుకునేది కాదు. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 విడుదల చేసి సరిచేసింది. ఆ కనపడని గుర్తు మనకు అవసరమైనదే. 'సాఫ్ట్‌వేర్' అని రాసేటప్పుడు 'ట' కింద 'వ' వత్తు చేరకుండా ఆపేది అదే. అందుకే మీ ఫైలులో ఒక పేరు కంటికి కనిపిస్తున్నా వెతుకులాటలో దొరక్కపోతే, ఒకచోట ఆ గుర్తు ఉండి ఇంకోచోట లేదేమో చూడండి.

మన సంఘాల పెద్దలకు ఒక మనవి. 1981లో కౌలాలంపూర్‌లో రెండో ప్రపంచ తెలుగు మహాసభలు జరిగాయి. ఆనాటి కాగితాలు ఎవరింట్లో ఉన్నా కళ్ళజోడు పెట్టుకుంటే చదువుకోవచ్చు. ఇరవయ్యేళ్ళ కిందటి సంచికల ఫైళ్ళు అలా కాదు. అవి చాలావరకు పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లలో ఉన్నాయి. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 2001 నాటిది. "మా దగ్గర పీడీఎఫ్ ఉంది" అంటారు. ఒక పరీక్ష చెయ్యండి. అందులోంచి ఒక వాక్యం కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో అతికించండి. తెలుగు వస్తే సరే. చీమలు వస్తే మీ దగ్గరున్నది బొమ్మ మాత్రమే, అందులో ఎవరి పేరూ వెతికితే దొరకదు. అందుకని ముద్రణకు ఏ ఫాంటు వాడినా, రచయితల దగ్గర్నుంచి యూనికోడ్ ప్రతి తీసుకుని విడిగా దాచండి. రెండు వేరు వేరు ఇళ్ళలో, ఇంకోటి ఇంటర్నెట్టులో.

రెండు చిన్న మాటలు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు మద్దతు ముగిసింది. పాత కంప్యూటరు పదకొండుకి పనికిరాదంటే పారెయ్యకండి. దాంట్లో ఉన్నవి కాపీ చేసుకుని లినక్స్ మింట్ వేసుకుంటే ఉత్తరాలకీ, తెలుగు రాతకీ హాయిగా పనికొస్తుంది. ఇక వాట్సాప్‌లో పెళ్ళి శుభలేఖ వచ్చిందని సంబరపడి తెరవకండి. పేరు చివర ఏపీకే అని ఉంటే అది శుభలేఖ కాదు, మీ ఫోనులో దూరే ప్రోగ్రాము. డబ్బు పోయిందనిపిస్తే ఆ క్షణమే మలేసియాలో 997కి, ఇండియాలో 1930కి ఫోన్ చెయ్యాలి. రేపు చూద్దామంటే రేపటికి ఏమీ మిగలదు.

భోజనాల హాలు పక్కన మా మిత్రులు ఒక బల్ల వేసుకున్నారు. యూఎస్‌బీ ఫ్లాపీ డ్రైవు ఉంది, సీడీ డ్రైవు ఉంది, పాత తెలుగు ఫాంట్లు కొన్ని ఉన్నాయి. రేపు సాయంత్రం దాకా ఉంటాం. అమ్మానాన్నలు టైపు చేసిన ఫైళ్ళేమన్నా ఉంటే తీసుకురండి, ఎంతవరకు చదవగలమో చూద్దాం. ప్రింటర్లు మాత్రం దయచేసి తేవద్దు.