రాజనీతి పరిశోధకులకు ఒక గది



సంస్కృతము చెప్పుకొని బ్రదికిన నన్ను రాజనీతిశాస్త్ర పరిశోధకులనుగూర్చి మాటలాడుమని కార్యదర్శిగారు కోరుట కొందరికి వింతగా దోచవచ్చును. విషయము మన యిండ్లలోనిదే గనుక అంగీకరించితిని.

క్రొత్తగా పరిశోధనలో దిగిన రాజనీతిశాస్త్ర విద్యార్థులకై నేడు ఆన్‌లైన్ వర్క్‌షాపులు జరుగుచున్నవి. 2020 మార్చిలో లాక్‌డౌను వచ్చి విశ్వవిద్యాలయముల తలుపులు మూతపడిన పిమ్మట ఇవి మిక్కిలి వ్యాపించినవి. 1949లో స్థాపితమైన అంతర్జాతీయ రాజనీతిశాస్త్ర సంఘము సైతము 2021లో తన ప్రపంచ మహాసభను లిస్బన్ నగరమున గాక తెరలమీదనే జరిపినది. వ్యాధి తగ్గినను పద్ధతి నిలిచినది. విమానపు ఖర్చు భరింపలేని విద్యార్థి మియాపూరులో కూర్చుండియే దేశాంతర పండితుల యెదుట తన వ్యాసమును పెట్టవచ్చును.

ఇందు జరుగునది ఉపన్యాసము కాదు. విద్యార్థి మొదట తన విషయమును ఒక చిన్న సంగ్రహముగా వ్రాసి పంపవలెను. ఎన్నికైనచో పూర్తి వ్యాసమును ముందుగానే పంపవలెను. అందరును చదివికొని వత్తురు. సభలో ఒక పండితుడు ఆ వ్యాసముపై ఆక్షేపణలు చేయును. ఈ ప్రశ్నకు ఈ సాక్ష్యము చాలునా? ఒక మండలములో చూచినది రాష్ట్రమునకెల్ల ఎట్లు వర్తించును? వ్రాసినవాడు విని, వ్రాసికొని, సమాధానము చెప్పవలెను. మన వాక్యార్థ సభలు ఎరిగినవారికి ఇది క్రొత్త కాదు. పూర్వపక్షమును ఎదుర్కొనని సిద్ధాంతము మనవారును అంగీకరింపలేదు గదా!

దీని యవసరము ఇటీవల మరింత హెచ్చినది. పూర్వము ఎం.ఫిల్. చదువులో విద్యార్థి చిన్న పరిశోధన చేసి చేయి తిప్పుకొనెడివాడు. 2022 నవంబరులో యు.జి.సి. వారు ప్రకటించిన నిబంధనలతో ఆ పట్టము ఎత్తివేయబడినది. ఎం.ఏ. ముగించినవారు నేరుగా పి.హెచ్‌డి.లో దిగుచున్నారు. ఆ నడిమి మెట్టు పోయినచోట ఇట్టి సభలు కొంత ఆసరా. అన్నియు మంచివని నేననను. రుసుము గైకొని, రెండు గంటలు మాటలు వినిపించి, రంగుల ధ్రువపత్రము పంపువారును కలరు. మీ వ్యాసమును ఎవ్వరును చదువనిచోట అది వర్క్‌షాపు కాదు, పత్రముల అంగడి.

ఇక మన సంగతి. వాషింగ్టనులో వేసవి ఉదయము పది గంటలైనప్పుడు మనకు రాత్రి ఏడున్నర. అది వంట వేళ, టీవీ వేళ. సాఫ్ట్‌వేరు కొలువుచేయు కుమారునికి అమెరికానుండి మీటింగు వచ్చినచో మియాపూరులోని ఏ యింటనైనను టీవీ నోరు మూయుదురు. పిల్లలను బయటికి పంపుదురు. కుమార్తె తన పరిశోధనా వ్యాసముపై ప్రశ్నలకు బదులు చెప్పుచున్నప్పుడు ఆమెను లేపి కుక్కరు దింపుమందురు! ఆరు మంచముల హాస్టలు గదిలోని విద్యార్థి పాటు ఇంకను చెప్పనక్కరలేదు. ప్రవేశము ఉచితమే, కూర్చుండుటకు చోటు లేదు.

ఈ చిక్కును మన నగరమున ముందే గ్రహించినవారు ఆచార్య జి. రాంరెడ్డిగారు. ఉస్మానియాలో బోధించి, పంచాయతీరాజ్యమునుగూర్చి గ్రంథములు వ్రాసిన ఆ రాజనీతి పండితుడే 1982లో హైదరాబాదున వెలసిన ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకు తొలి ఉపాధ్యక్షులు. దేశమున అట్టివానిలో అదియే మొదటిది. నేడు అంబేద్కరుగారి పేర నున్నది. పాఠములు టపాలో వచ్చినను, రేడియోలో వినబడినను చాలవని, ఊరూర అధ్యయన కేంద్రములు పెట్టిరి. దూరవిద్యకు సైతము దగ్గరగా ఒక బల్ల, ఒక దీపము, సందేహము తీర్చు ఒక మనిషి కావలెను.

మరియొక మాట కలదు. ఇది కొందరికి రుచింపదు. మన సంఘీయుల యమ్మాయి యొకతె కులసంఘములును ఎన్నికలును అను విషయముపై పరిశోధించుచున్నది. అట్టి సభలో ఆమెను అడిగిన మొదటి ప్రశ్న యిది: “పత్రికలలోనిది చెప్పితివి, సంఘమువారి స్వంత లెక్కలు, తీర్మానములు ఏవీ? వారి సభలలో స్త్రీలు మాటలాడిరా?” ఆమె వచ్చి మన పాత సంచికలను, తీర్మానముల పుస్తకములను చూపుమన్నది. మన తగవులు లోకమునకు తెలియునని పెద్దలు కొందరు వెనుదీసిరి. బీరువా తెరువలేదు.

అయ్యలారా, మనలను చదువుట నేడు మొదలైనది కాదు. రుడాల్ఫ్ దంపతులు 1960లోనే భారత కులసంఘముల రాజకీయ పాత్రపై వ్యాసము ప్రకటించిరి. సామాన్య ఓటరును ప్రజాస్వామ్యమునకు చేర్చుటలో ఇట్టి సంఘములు సాయపడినవని వారి వాదము. రజనీ కొఠారిగారి సంపాదకత్వమున 1970లో ఇదే విషయముపై ఒక గ్రంథము వెలువడినది. పరులు వ్రాసినది మనము చదివితిమి. మన బిడ్డ వ్రాయబోవగా తాళము వేయుదుమా? ఆమె మన లోపములను చూపవచ్చును. చూపనిండు. పొగడ్తలే కావలెనన్నచో పద్యములు వ్రాయువారు మనకు కొఱతపడలేదు.

కావున నా విన్నపము. సంఘ భవనములో రెండవ యంతస్తున విరిగిన కుర్చీలు పేర్చియుంచిన గది కలదు. దానిని ఖాళీచేసి, మూడు బల్లలు, నిలుకడగల ఇంటర్నెట్టు, కరెంటు పోయినను ఆరని దీపము ఏర్పరుపుడు. రాత్రి పదింటివరకు తెరచియుంచి, నమ్మకమైన కాపలా మనిషిని పెట్టుడు. ఆడపిల్లలు మెట్రో స్టేషనువరకు పోవుటకు తోడు కావలెను, అది మరువరాదు. ఇతర కులముల విద్యార్థులు వచ్చినను కాదనవలదు. ఏటేట సన్మానములకై కొనుచున్న శాలువల పద్దునుండి కొంత తగ్గించినచో ఆరంభమునకు చాలును. నాకు కప్పదలచినదానితోనే మొదలిడుడు.

తీర్మానము మధ్యాహ్నపు సభలో రానున్నది. బీరువా తాళపుచెవి మాట కూడ అందులోనే చేర్పుమని కార్యదర్శిగారిని కోరుచు విరమించుచున్నాను.