అవ్వ ఫోన్‌కి వచ్చిన క్యూఆర్ కోడ్: చనిపోయినవాళ్ల కోసం చేసే ప్రార్థనకు రేటుంటుందా?

ఇవాళ యాగంటి నుంచి మాట్లాడుతున్నా. గుడి బయట, కొండ కింద కూర్చున్నా. గాలి శబ్దం కొంచెం వస్తుంది, సర్దుకోండి.

ఇక్కడ కాసేపు కూర్చుంటే కోతులు కనపడతాయి కానీ కాకి కనపడదు. నేను చిన్నప్పట్నుంచీ వస్తున్నా, ఒక్కసారీ చూడలేదు. అగస్త్య మహాముని తపస్సు చేసుకుంటుంటే కాకి వచ్చి చెడగొట్టిందని, ఈ చోటుకే రావొద్దని ఆయన శపించాడని స్థలపురాణం. కాకి శనీశ్వరుడి వాహనం కాబట్టి ఇక్కడికి శని కూడా రాడంటారు. పెరిగే బసవన్న మీద ఇప్పటికే బోలెడు వీడియోలున్నాయి, నేను ఆ జోలికి పోను. నాకు ఈ కాకి సంగతే ఎప్పుడూ బుర్రలో తిరుగుతుంటుంది. ఎందుకంటే మనిషి పోతే దినాల్లో కాకికి ముద్ద పెడతాం కదా. కాకి ముట్టకపోతే పోయినాయనకు ఏదో కోరిక మిగిలిందని ఇంట్లోవాళ్లు కంగారు పడతారు. "పిల్లల్ని చూసుకుంటాం, నీ అప్పు మేం తీరుస్తాం" అని గట్టిగా చెప్తారు. అంటే ఏంటి? బతికున్నవాళ్లు చేసే పని పోయినవాళ్లకు చేరుతుందని నమ్మకం.

ఇదే నంద్యాల జిల్లాలో, ఇదే నమ్మకం ఇంకో రూపంలో ఆర్‌సీఎం వాళ్లలో, అంటే రోమన్ కాథలిక్కుల్లో ఉంది. నవంబర్ 2, సమాధుల పండుగ. ఆత్మల పండుగ అని కూడా అంటారు. సమాధులకు సున్నం కొట్టి, బంతిపూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఫాదర్ వచ్చి మంత్రించిన నీళ్లు చల్లుతారు. ఇంతవరకు చాలామందికి తెలుసు. దాని వెనకాల ఇంకోటి ఉంది, ఇండల్జెన్స్ అని. మన సోషల్ పుస్తకంలో 'పాపపరిహార పత్రాలు' అని ఒక లైన్ చదివి, మార్కు తెచ్చుకుని వదిలేశాం చూడండి, అదే. అది ఇప్పటికీ ఉంది. పత్రాలు లేవు, అమ్మకం లేదు, కానీ అది ఉంది.

నాకు దీంతో పనేంటంటే, మా అవ్వ ఆర్‌సీఎం. ఆళ్లగడ్డ వైపు పుట్టిల్లు. మా తాత హిందువు, పేరులోనే యాగంటి ఉంది. యాభై ఏళ్లు ఒకే ఇంట్లో ఒకరు సోమవారం ఇక్కడికి వచ్చేవాళ్లు, ఇంకొకరు ఆదివారం పూజకు పోయేవాళ్లు. ఇంకో తమాషా ఏంటంటే, పాత ఆర్‌సీఎం జపాల్లో దేవుణ్ని 'సర్వేశ్వరా' అనే పిలుస్తారు. తాత అవ్వను ఏడిపించేవాడు, "నువ్వు పిలిచేది మా ఆయన్నే" అని.

తాత పోయాడు. ఆ ఏడాదే అక్టోబర్ చివర్లో అవ్వ ఫోన్‌కి ఒక వాట్సాప్ మెసేజ్ వచ్చింది. ఒక ప్రేయర్ గ్రూప్ నుంచి. పేరు చెప్పను. మీ కుటుంబంలో పోయినవాళ్ల పేరు పంపండి, 2,100 కట్టండి, నవంబర్‌లో వాళ్లకు పూర్తి విమోచన అని. కింద క్యూఆర్ కోడ్. అవ్వ ఫోన్ నా చేతికిచ్చి, "దీన్ని కొట్టు నాయనా, తాత పేరు మీద" అంది.

నేను కొట్టలేదు. రెండు రోజులు టైమ్ అడిగాను. అవ్వ పింఛన్‌లోంచి 2,100 అంటే చిన్న విషయం కాదు. కానీ డబ్బు కంటే నన్ను ఆపింది ఇంకోటి. కట్టకపోతే తాత ఎక్కడో ఇరుక్కుని ఉంటాడని అవ్వ నిజంగా భయపడుతోంది. ఊరికే "ఫేక్, వదిలెయ్" అంటే ఆ భయం పోదు. కాబట్టి కూర్చుని చదివాను.

మొదట అసలు లాజిక్. ఒకాయన పక్క చేనులోకి గట్టు రాయి రెండడుగులు జరిపాడనుకోండి. ఐదేళ్ల తర్వాత బుద్ధొచ్చి, "తప్పైపోయింది అన్నా" అని కాళ్లు పట్టుకున్నాడు. పక్క చేనాయన క్షమించాడు. మనస్ఫూర్తిగా. సరే, రాయి? అది ఇంకా అక్కడే ఉంది కదా. ఐదేళ్ల పంట? పక్కోడి నేల మీద కన్నేసే ఆ అలవాటు? క్షమాపణ దొరికింది, సరిచేయాల్సింది మిగిలింది. కాథలిక్ బోధన ఇదే. పాపసంకీర్తనంలో పాపం పోతుంది. కానీ అది వదిలిన లెక్క, ఆ శుద్ధి కావాల్సింది, ఇక్కడో, చనిపోయాకో జరగాలి. చనిపోయాక జరిగే ఆ స్థితినే తెలుగు కాథలిక్కులు 'ఉత్తరించు స్థలం' అంటారు. అది నరకం కాదు. అందులో ఉన్నవాళ్లందరూ మోక్షానికి పోయేవాళ్లే, ఆలస్యం అంతే. ఇండల్జెన్స్ అంటే ఆ మిగిలిన లెక్కలో మాఫీ. అది పాపాన్ని క్షమించదు, పాపం చేయడానికి అడ్వాన్స్ పర్మిషన్ అంతకంటే కాదు.

ఇప్పుడు అసలు పాయింట్. బతికున్నవాళ్ల విషయంలో చర్చి "నాకు అధికారం ఉంది, ఇస్తున్నా" అంటుంది. పోయినవాళ్ల విషయంలో అలా అనదు. 1476లో నాలుగో సిక్స్టస్ పోపు మొదటిసారి పోయినవాళ్ల కోసం ఇండల్జెన్స్ ఇచ్చినప్పుడే, ఇది విన్నపం రూపంలో మాత్రమే అని రాశారు. ఇప్పటి చర్చి చట్టం 994లో కూడా అదే మాట. నా భాషలో చెప్పాలంటే, ఆ సర్వర్ మీద మనకు అడ్మిన్ యాక్సెస్ లేదు. రిక్వెస్ట్ పెట్టగలం. ఫలానా ఆత్మ బయటపడింది అని రసీదు ఎవరూ ఇవ్వలేరు. కాబట్టి 'పూర్తి విమోచన గ్యారంటీ' అని ఎవరైనా రాస్తే, వాళ్లు కాథలిక్ బోధన కూడా సరిగ్గా చెప్పడం లేదన్నమాట.

డబ్బు ఎక్కడ దూరింది మరి? నిజం చెప్పాలంటే మొదట్లోనే దూరింది. ఆ 1476 నాటిది కూడా ఫ్రాన్స్‌లో సాంత్ అనే ఊరి చర్చి మరమ్మతులకు కానుకలిచ్చేవాళ్ల కోసమే. తర్వాత జర్మనీలో పెద్ద వ్యవహారం అయింది. మైంజ్ ఆర్చిబిషప్ ఆల్బ్రెక్ట్ ఆ పదవి కోసం ఫుగ్గర్ అనే బ్యాంకర్ల దగ్గర అప్పు చేశాడు. ఇండల్జెన్స్ వసూళ్లలో సగం రోమ్‌లో సెయింట్ పీటర్స్ కట్టడానికి, సగం ఆ అప్పు తీర్చడానికి. అంటే ఒకరకంగా ఈఎంఐ. టెట్జెల్ అనే ప్రచారకుడు ఊరూరా తిరిగి, డబ్బు పడితే వెంటనే మీవాళ్లకు విడుదల అన్నట్టు చెప్పాడు. 1517 అక్టోబర్ 31న మార్టిన్ లూథర్ 95 పాయింట్లు రాసింది దీని మీదే. అందులో జనం అడుగుతున్నారంటూ ఒక ప్రశ్న పెట్టాడు: పోపు డబ్బు కోసం ఆత్మల్ని విడిపించగలిగితే, ప్రేమ కోసం అందర్నీ ఒకేసారి ఎందుకు విడిపించడు? 500 ఏళ్లయినా ఆ ప్రశ్న పదును తగ్గలేదు. ఆ క్యూఆర్ కోడ్ పంపినవాళ్లను కూడా అదే అడగాలి.

చర్చి తర్వాత సరిదిద్దుకుంది. 1563లో ట్రెంట్ మహాసభ దురాశ వసూళ్లను ఖండించింది, 1567లో ఐదో పయస్ పోపు డబ్బుతో ముడిపడిన ఇండల్జెన్సులన్నీ రద్దు చేశారు. ఇంకో గందరగోళం మాత్రం చాలాకాలం నడిచింది. అవ్వ పాత జపాల పుస్తకంలో కొన్ని జపాల కింద 300 రోజులు, అలా అంకెలుంటాయి. అవ్వ ఇన్నాళ్లూ తాతకు 300 రోజులు తగ్గుతాయనే అనుకుంది. అది కాదు. తొలినాళ్ల చర్చిలో పాపులకు ఇన్ని రోజుల ప్రాయశ్చిత్తం అని వేసేవాళ్లు, ఆ రోజులతో పోలిక అది. ఆరో పాల్ పోపు 1967లో ఈ రోజుల లెక్కే తీసేశారు. పూర్తి, పాక్షికం, ఈ రెండే మిగిలాయి. నా ఉద్దేశంలో ఇది బాగా ఆలస్యం. అంకె కనపడితే జనం కూడికలు చేస్తారు, ఎవరైనా చేస్తారు.

ఇప్పుడు రూల్ ఏంటి? నవంబర్ 1 నుంచి 8 వరకు, సమాధుల దగ్గరికి వెళ్లి పోయినవాళ్ల కోసం ప్రార్థించాలి. మనసులో చేసుకున్నా చాలు. పాపసంకీర్తనం చేసి ఉండాలి, దివ్యసత్ప్రసాదం తీసుకోవాలి, పోపు గారి తలంపుల కోసం ఒక పరలోక జపం, ఒక మంగళవార్త జపం లాంటివి చెప్పుకోవాలి. ఈ పోపు షరతు అవ్వకు మహా ఇష్టం. 2025 మేలో 14వ లియో పోపును ఎన్నుకున్నవాళ్లలో కార్డినల్ పూల ఆంతోని గారున్నారు, ఆయన పుట్టింది మన చిందుకూరులో. "మనోడు ఓటేసిన పోపు" అంటుంది. ఆఖరి షరతు అన్నిటికంటే కష్టం. ఏ పాపం మీదా, చిన్నదాని మీద కూడా, మనసు మిగలకూడదు. మిగిలితే అది పూర్తిది కాదు, పాక్షికమే. 2020లో కోవిడ్ గుంపుల భయంతో రోమ్ ఈ ఎనిమిది రోజుల్ని నవంబర్ మొత్తానికి పెంచింది, ఇల్లు కదల్లేని ముసలివాళ్లు ఇంట్లోనే చేసుకోవచ్చంది.

మొత్తం వెతికాను. రూపాయి ఎక్కడా లేదు.

పూజ చేయించడానికి కానుక ఇస్తారు కదా అని మీరు అడగొచ్చు. అది ఇండల్జెన్స్ కాదు, వేరే సంగతి. ఆ కానుకలో కూడా వ్యాపారం ఛాయ పడకూడదని చర్చి చట్టం 947 చెప్తుంది. కానుక ఇవ్వలేని పేదవాళ్ల తలంపుల కోసం కూడా పూజ చేయమని 945 గురువుల్ని గట్టిగా కోరుతుంది. ఇది మీ అవ్వలకు చెప్పండి, చాలామందికి తెలియదు.

ఇదంతా అవ్వకు చెప్తుంటే నంద్యాల పిన్ని ఉంది. పిన్ని సీఎస్ఐ ఇంటి కోడలు. "పోయినాక ఇంక ప్రార్థన ఏంటికి? ఒకసారి చావు, తర్వాత తీర్పు, హెబ్రీ పత్రికలో లేదా?" అంది. పిన్ని మాటకు పెద్ద చరిత్రే ఉంది. నంద్యాల, ఆళ్లగడ్డ వైపు క్రైస్తవం ఎక్కువగా 19వ శతాబ్దపు ఆంగ్లికన్ మిషన్‌తో వచ్చింది. ముత్యాలపాడు, నంద్యాల వాళ్ల కేంద్రాలు. 1947లో సీఎస్ఐ పుట్టినప్పుడు నంద్యాల ఆంగ్లికన్లలో చాలామంది కలవకుండా ఉండిపోయి, 1975లో గానీ చేరలేదు. ఆ ఆంగ్లికన్ల 39 సూత్రాల్లో 22వది ఉత్తరించు స్థలాన్నీ, ఇండల్జెన్సులనూ నేరుగా తోసిపుచ్చుతుంది. కాథలిక్కులు చూపించే ఆధారం మక్కబీయుల రెండో గ్రంథం 12వ అధ్యాయం. యుద్ధంలో పోయిన సైనికుల పాపం కోసం యూదా మక్కబీయుడు డబ్బు పోగుచేసి యెరూషలేముకు బలి కోసం పంపుతాడు. ఆ పుస్తకం అవ్వ దగ్గరున్న 73 పుస్తకాల కాథలిక్ అనువాదంలో ఉంది, పిన్ని దగ్గరున్న 66 పుస్తకాల బైబిల్లో లేదు. ఇంక వాదన ఎక్కడ తేలుతుంది? కానీ పిన్ని కూడా నవంబర్ 2న మామ సమాధి దగ్గరికి పూలు పట్టుకునే పోతుంది. అడిగితే, "ఆయన్ను ఇచ్చినందుకు దేవుడికి థాంక్స్ చెప్పడానికి" అంటుంది.

అవ్వకు ఇవేవీ పట్టలేదు. ఆమె ప్రశ్న ఒక్కటే. "మీ తాతకు జ్ఞానస్నానం ల్యాకపాయె గదా నాయనా. నేను అడిగితే ఆయప్పకు చేరుతాదా?"

దీనికి నేను జవాబు చెప్పలేదు, ఫాదర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన పూజలో చదివే ఒక ప్రార్థన గురించి చెప్పారు. నాలుగో కృతజ్ఞతా ప్రార్థన. ఎవరి విశ్వాసం దేవుడికొక్కడికే తెలుసో అలాంటి మృతుల్ని కూడా చర్చి అందులో తలుచుకుంటుంది. "నువ్వు అడుగమ్మా, ఎవరికి ఎంత చేరాలో సర్వేశ్వరుడు చూసుకుంటాడు" అన్నారు. అవ్వ బయటికొచ్చి, "ఆ క్యూఆర్ తీసెయ్" అంది. బ్లాక్ చేసి రిపోర్ట్ కొట్టాను.

తర్వాత ఎనిమిది రోజులూ డ్యూటీ నాది. మా ఊళ్లో పూజ వారానికి ఒక్కసారే కాబట్టి రోజూ బండి మీద ఫాదర్ ఉండే ఊరికి పోవడం, వచ్చేటప్పుడు సమాధుల దగ్గర ఆగడం. పూర్తి ఇండల్జెన్స్ మామూలుగా రోజుకు ఒక్కటే, ఒక్కరి కోసమే. ఎనిమిది రోజులు, ఎనిమిది పేర్లు. అవ్వ వయసులో పోయినవాళ్ల లిస్టు ఎంతుంటుందో ఆలోచించండి. రాత్రి కూర్చుని వేళ్ల మీద లెక్కపెట్టేది, ఒకరిని తీసేది, ఇంకొకరిని పెట్టేది. మొదటి రోజు తాతకు. తర్వాత వాళ్లమ్మ, నాయన, ఇద్దరన్నలు, కలుపు తీసే కాలం నాటి స్నేహితురాలు, జపాలు నేర్పిన ఉపదేశి. ఏడు.

ఎనిమిదో రోజు పొద్దున బండెక్కుతుంటే అడిగాను, ఇవాళ ఎవరికవ్వా అని.

"మా అత్తకు" అంది.

ఆ అత్త అవ్వను ఎంత సాధించిందో మా ఇంట్లో అందరికీ తెలుసు. అన్నం కుండకు తాళం వేసిన మనిషి. ఆమెకు ఏంటికవ్వా అన్నాను.

"ఆమెకే గదరా బాగా పనిబడేది. పోనీ, టైమైతాంది."