గీత ఎవరు గీశారు?

నన్ను పరిచయం చేసిన మిత్రుడు చెప్పినదాంట్లో సగం నిజం కాదు. ఆ సగమే వినడానికి బాగుంది. శాలువా కూడా కప్పారు. మే నెల కాకినాడలో శాలువా! సరే, మర్యాద మర్యాదే.

ఆహ్వానపత్రంలో నా అంశం ‘మనిషిని వ్యాపారంలోకి దింపేదేమిటి’ అని వేశారు. నాలుగు కారణాలు చెబుతానని కార్యదర్శి గారికి మాటిచ్చాను. డబ్బు, అవసరం, పట్టుదల, పరువు. డబ్బు గురించి మీకు నేను చెప్పేదేముంది, అదయిపోయినట్టే. అవసరమంటారా, తోపుడుబండి మీద ఇడ్లీలు అమ్మే అమ్మని ‘ఎందుకు పెట్టావమ్మా’ అని అడగండి. ‘ఇంట్లో చాలక’ అంటుంది. ఆవిడకి నా ఉపన్యాసం అక్కర్లేదు, నాకే ఆవిడ ఇడ్లీ కావాలి. మూడోదాని దగ్గర కాస్త ఆగుతాను. అది మన ఊరి సరుకు.

మేనేజిమెంటు చదివే పిల్లల పుస్తకాల్లో ‘కాకినాడ ప్రయోగం’ అని ఒక పాఠం ఉంటుంది. మొన్న ఇక్కడి కాలేజీ పిల్లలు పదిమందిని అడిగాను. ఒక్కరికీ తెలీదు. అమెరికాలో ఏ కంపెనీని ఏ గ్యారేజీలో పెట్టారో మాత్రం తడుముకోకుండా చెప్పారు. బాబూ, వెనక ఫోనెత్తి వీడియో తీస్తున్న నిన్నే, కాస్త దించు. తర్వాత చూసుకుందామని తీసినవాడు ఎప్పుడూ చూడడు.

హార్వర్డ్‌లో డేవిడ్ మెక్లెలాండ్ అనే మనస్తత్వశాస్త్ర ఆచార్యుడు ఉండేవారు. సాధించాలనే తపన పుట్టుకతో వచ్చేదేనా, నేర్పితే వస్తుందా అన్నది ఆయన ప్రశ్న. 1964లో హైదరాబాదు యూసఫ్‌గూడలోని చిన్న పరిశ్రమల శిక్షణ సంస్థతో కలిసి, మన కాకినాడ వ్యాపారుల్ని జట్లుజట్లుగా తీసుకెళ్ళి కూర్చోబెట్టారు. ఖాతాలు నేర్పడానికి కాదు. ఒక బొమ్మ చూపించి, దీనికో కథ రాయండి అన్నారు. బెల్లం, బియ్యం తూచే చేతులకి కలమిచ్చి కథ రాయమనడం! మీ కథలో మనిషి ఏదో సాధించాలని తాపత్రయపడుతున్నాడా, నలుగురి స్నేహం కోసం చూస్తున్నాడా, పెత్తనం కోరుతున్నాడా అని ఎవరి కథని వాళ్ళే తూచుకోవడం నేర్పారు. పోల్చి చూడ్డానికి రాజమండ్రిని అలాగే వదిలేశారు. గోదావరి ఒడ్డు వాళ్ళెవరైనా సభలో ఉంటే మన్నించాలి.

ఫలితాలు 1969లో పుస్తకంగా వచ్చాయి. డేవిడ్ వింటర్ అనే ఆయనతో కలిసి రాశారు. శిక్షణ పొందినవాళ్ళు పొందనివాళ్ళ కంటే చురుగ్గా కదిలారని తేలింది. కులమేమిటి, పంచె కట్టాడా ప్యాంటు వేశాడా అన్నవి లెక్కలోకి రాలేదు.

మెక్లెలాండ్‌కి కథల పిచ్చి అంతకు ముందునుంచే ఉంది. 1961 నాటి పుస్తకం కోసం దేశదేశాల చిన్నపిల్లల వాచకాలు తెప్పించి, ఏ దేశపు కథల్లో సాధించాలనే తపన ఎంతుందో లెక్కగట్టారు. మన ఏడు చేపల కథ ఆయన చేతిలో పడితే ఎన్ని మార్కులేసేవారో! చేప ఎండలేదు. ఎందుకంటే గడ్డిమేటు అడ్డమొచ్చింది. అదేమంటే ఆవు మేయలేదు. ఆవునడిగితే పాలేరు వదల్లేదు. ఒక్కరంటే ఒక్కరు తప్పు నాది అనరు. మన ఆఫీసుల్లో ఫైలు నడిచేది అచ్చం ఇలాగే. ఆ కథ మొత్తంలో సొంత పుట్ట ఉన్నది చీమకి ఒక్కదానికే. కదిలిందీ అదే.

ఆయన ప్రయోగాల్లో అసలు నాకు ఇష్టమైన ఘట్టం రింగులాట. అమెరికాలో నేలమీద ఒక మేకు నిలబెట్టి, పిల్లలకి రింగులిచ్చి, ఎక్కణ్ణుంచి విసురుతారో మీ ఇష్టం అన్నారు. కొందరు మేకు పక్కనే నిలబడి తొడిగేశారు. కొందరు గోడదాకా పోయి విసిరారు. అంత దూరం నుంచి పడకపోతే ఎవరూ తప్పు పట్టరు కదా. తపన ఎక్కువున్న పిల్లలు మధ్యలో నిలబడ్డారు. పడొచ్చు, పడకపోవచ్చు, పడితే మాత్రం అది నా చేతి గొప్పే అనుకోగలిగిన దూరం. వ్యాపారి అంటే జూదరి అనుకుంటారు జనం. ఆయన లెక్కలో జూదరి గోడ దగ్గరవాడు.

ఇది చదవగానే నాకు సామర్లకోట శివరాత్రి తీర్థం గుర్తొచ్చింది. భీమేశ్వరస్వామి గుడికి పోయే దారిలో రింగులాట కొట్టు ఉండేది. ముందు వరసలో దువ్వెనలు, సబ్బుబిళ్ళలు, వెనక వరసలో ఒక టేబుల్ గడియారం. ఏటా అదే గడియారం. మా నాన్నగారిచ్చిన అర్ధరూపాయిలో పావలా దానికే పోయేది. అక్కడ నిలబడే చోటు మన ఇష్టం కాదండి, కొట్టువాడు తాడు కట్టేవాడు. పొద్దున్న జనం పలచగా ఉన్నప్పుడు తాడు దగ్గరగా ఉండేది. సాయంత్రం ఒత్తిడి పెరిగేసరికి మూరెడు వెనక్కి జరిగేది. ఎప్పుడు జరిపాడో తెలిసేది కాదు. ఒక ఏడాది ఆట మానేసి గంటసేపు అతన్నే చూస్తూ నిలబడ్డాను. జనం విసుక్కుంటున్నారనిపిస్తే ఎవరికో ఒక దువ్వెన పడనిచ్చేవాడు, మళ్ళీ పదిమంది చెయ్యి జేబులోకి పోయేది. ఆ తీర్థంలో మెక్లెలాండ్ చెప్పిన మధ్య దూరంలో నిలబడ్డ మనిషి అతనొక్కడే.

ఆ అమెరికా పిల్లలకి తాడు లేదు. మన పిల్లలకుంది. ముప్ఫై ఒక్కేళ్ళు బ్యాంకులో కూర్చుని ఆ తాడు పట్టుకున్నవాణ్ణి నేనే. హామీ ఎవరిస్తారని అడిగితే ఒక మూర వెనక్కి. పొలం కాగితాలు ఎవరి పేరుమీదున్నాయంటే ఇంకో మూర.

కాకినాడ ప్రయోగంలోనూ ఈ తాడు సంగతి కనపడుతుంది. పరీక్షకి చదివే పుస్తకాలు దాన్ని వదిలేస్తాయి. శిక్షణ బాగా పట్టింది తమ వ్యాపారంలో తామే నిర్ణయం తీసుకోగలిగిన వాళ్ళకి. గల్లాపెట్టె తాళం తండ్రి మొలలో ఉంటే కొడుకు ఎంత తపించి ఏం లాభం?

అలాంటి కొడుకొకాయన నా క్యాబిన్‌కి వచ్చాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళు, ఇద్దరు పిల్లలు. మెయిన్ రోడ్డులో వాళ్ళ నాన్నగారి బట్టల కొట్టు. ఎనిమిది మిషన్లతో రెడీమేడ్ కుట్టుపని పెడతానన్నాడు. స్కూలు నోటుపుస్తకంలో లెక్క రాసుకొచ్చాడు, దారం రీళ్ళతో సహా. ఇప్పటివాళ్ళు తెర మీద రంగుల బొమ్మలు చూపిస్తారు, దారం ధర అడిగితే నీళ్ళు నములుతారు. ‘నాన్నగారికి చెప్పావా?’ అన్నాను. తలొంచుకున్నాడు. కాగితాలన్నీ తండ్రి పేరున ఉన్నాయి. తాడు వెనక్కి జరిపి పంపించేశాను.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. నాలుగు రోజులాగి, తువ్వాలు కొనే వంకతో వాళ్ళ కొట్టుకెళ్ళాను. పెద్దాయన ‘వాడికేం తెలుసండి, చిన్నపిల్లాడు’ అన్నారు. ఆ ఏడాది నేను పదకొండు తువ్వాళ్ళు కొన్నాను. మా ఆవిడ నాకేదో అయిందనుకుంది. పదకొండో తువ్వాలు నాడు పెద్దాయన వెనక గోడౌను తాళం తీసి బల్ల మీద పెట్టారు. కొట్టు తాళం కాదు, గోడౌనుదే. అందులో ఎనిమిది మిషన్లు పట్టాయి. అప్పు గడువుకి ముందే తీరింది.

కార్యదర్శి గారు చీటీ పంపారు. అర్థమైందండి. నాలుగోది పరువు. అది సావనీర్‌లో వేసుకోండి, రాసిస్తాను. ఒక్క నిమిషం, ఆ చిన్నపిల్లాడు ఇప్పుడు పెద్దమనిషయి ఈ సభలోనే ఉన్నారు. పేరు చెప్పను, ఆయనే నవ్వుతున్నారు. తాళాల గుత్తి ఆయన దగ్గరే ఉంది. వాళ్ళబ్బాయి కిందటి వారం ల్యాప్‌టాప్ పట్టుకుని మా ఇంటికొచ్చాడు. లెక్కలన్నీ చూపించి, వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, ‘తాతగారూ, మీరోసారి మా కొట్టుకి తువ్వాలు కొనడానికి రావాలండి’ అన్నాడు.