సేవల రాబడి: భారత చీనాల లెక్క
(కనియంబాడి సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



సేవారంగమున మన దేశమే ముందున్నదనియు, చీనా దేశము కర్మాగారములకు మాత్రమే పేరొందినదనియు పలువురు నమ్ముచున్నారు. ఈ మాటలో నిజమెంతయో లెక్క కట్టి చూచుట అవసరమని మాకు తోచినది. మన బిడ్డలను ఏ వృత్తికి పంపవలెనను ప్రశ్న ఇందులోనే ఇమిడియున్నది.

సరకు తయారుచేయక, పని చేసిపెట్టి ప్రతిఫలము పొందు వృత్తులన్నియు సేవారంగమున చేరును. వర్తకము, రవాణా, బ్యాంకు, విద్య, వైద్యము, హోటలు, కంప్యూటరు పని ఇట్టివి. గుడియాత్తములో లుంగీ నేయుట పరిశ్రమ. ఆ లుంగీని లారీలో చేరవేయుట, అంగడిలో అమ్ముట సేవ. కావున తరతరములుగా వర్తకమున నున్న మన కుటుంబములు సేవారంగపు మనుష్యులే.

చీనాలో 1956 నాటికి ప్రైవేటు వర్తకము దాదాపుగా ప్రభుత్వ ఆధీనమయ్యెను. సోవియట్ పద్ధతిని అనుసరించిన వారి లెక్కలలో వస్తువులే సంపదగా ఎంచబడినవి. పెక్కు సేవలకు పద్దే లేదు. 1985 నుండి గాని వారు నేటి పద్ధతిలో దేశోత్పత్తిని లెక్కించుట మొదలుపెట్టలేదు. ఇప్పటి పద్ధతిలో తిరిగి కట్టిన లెక్క ప్రకారము 1980 లో మన సేవల రాబడి చీనా రాబడికంటె పెద్దది. 1990 లో ఇరు దేశములు దాదాపు సమానము. ఒక్కొక్కటి సుమారు 12 వేల కోట్ల డాలర్లు.

ఆ పిమ్మట త్రాసు ఒరిగినది. 2023 లో చీనా సేవల రాబడి సుమారు 9.7 లక్షల కోట్ల డాలర్లు. మనది సుమారు 1.8 లక్షల కోట్లు. వారిది మనకు ఐదు రెట్లకు పైమాట. జనాభా చూడబోయిన ఇరువురిదీ ఇంచుమించు 140 కోట్లే.

అయినను వంతు చూచినచో వేరొక చిత్రము కనబడును. మన దేశోత్పత్తిలో సేవల వంతు నేడు నూటికి 55 పాళ్లకు దగ్గరగా నున్నది, చీనాలోను అంతే. చీనాలో ఈ వంతు సగము దాటినది 2015 లో మాత్రమే. మనము అంతకు ముందే దాటితిమి. మనము ముందున్నామను మాట ఇందుండియే పుట్టినది. కాని వర్తకులకు ఇందలి మర్మము తెలియనిది కాదు. రెండు అంగళ్లలో రాబడిలో సగము ఒకే సరకు వలన వచ్చినంత మాత్రమున ఆ రెండు అంగళ్లు సమానమగునా? మొత్తము వ్యాపారమెంత యని అడుగవలదా?

చీనా మొదట పొలములను, పిదప కర్మాగారములను పెంచెను. కర్మాగారము వచ్చినచోట లారీ, బ్యాంకు, బడి, భోజనశాల తామై వచ్చును. మన ఆంబూరు, రాణిపేట తోళ్ల పరిశ్రమను ఆశ్రయించి ఎందరు ఏజెంట్లు, గుమాస్తాలు, రవాణాదారులు బ్రతుకుచున్నారో మీరెరుగుదురు. చీనాలో నేడు పనివారిలో దాదాపు సగము మంది సేవలలో నున్నారు. మన దేశమున 2023-24 సర్వే ప్రకారము నూటికి 30 మంది మాత్రమే. 46 మంది ఇంకను వ్యవసాయమునందే యున్నారు. అనగా మన సేవల ధనము కొద్దిమంది చేతిలో చేరుచున్నది.

ఇంకొక సంగతి గమనింపదగినది. 2004 సంవత్సరపు ఆర్థిక గణనలో చీనా దేశోత్పత్తి అంతకు ముందనుకొన్న దానికంటె సుమారు 17 శాతము ఎక్కువగా తేలినది. ఆ పెరుగుదలలో పదింట తొమ్మిది పాళ్లకు పైగా సేవలదే. చిన్న అంగళ్లు, భోజనశాలలు అంతవరకు సరిగా లెక్కకెక్కలేదు. లెక్కలో లేని శ్రమకు విలువ లేనట్లే ప్రభుత్వములు తలచును. కావున మన చిన్న వర్తకులు చిట్టా పద్దులు శుభ్రముగా వ్రాసికొనుట కేవలము పన్నుల కొరకు కాదు. తమ ఉనికిని చాటుటకును.

అయితే మనకు పైచేయి యైన విషయము ఒకటి కలదు. సేవలను విదేశీయులకు అమ్ముటలో మనకు ఏటేటా మిగులు, చీనాకు లోటు. 2023-24 లో మన సేవల ఎగుమతి సుమారు 34 వేల కోట్ల డాలర్లు. ఎగుమతి యనగా ఓడ ఎక్కవలెనని లేదు. బంగ్లాదేశ్ రోగి వేలూరు వచ్చి వైద్యము చేయించుకొన్నను అది ఎగుమతియే. 1900 లో ఐడా స్కడర్ గారు ఒక్క పడకతో ఆరంభించిన సి.ఎం.సి. నేడు దేశ దేశముల వారిని రప్పించుచున్నది. ఆ సంస్థ వైద్యులు మన కనియంబాడి పల్లెలలోను దశాబ్దములుగా సేవచేయుచున్నారు. అయినను ఇట్టి రాబడి సుకుమారమైనది. 2024 ఆగస్టులో బంగ్లాదేశ్ ప్రభుత్వము మారిన పిమ్మట వీసాలు తగ్గగా, ఆ రోగులపై ఆధారపడిన లాడ్జీలకు, మందుల అంగళ్లకు దెబ్బ తగిలినది.

ఇందుండి మనము గ్రహింపవలసినది రెండు మాటలు. మొదటిది, బిడ్డలందరిని ఒక్క కంప్యూటరు కొలువునకే తోలరాదు. మగ్గము, తోళ్ల పరిశ్రమ, సేద్యము నిలిచిననే సేవలు నిలుచును. రెండవది, సేవ జరుగునది మాటతోనే. చిత్తూరు, తిరుపతి ప్రాంతములనుండి వేలూరు వచ్చు రోగి తన బాధను తెలుగుననే చెప్పుకొనును. 2006 సంవత్సరపు చట్టము వలన బడులలో తమిళము తప్పనిసరి యయ్యెను. తమిళము మనకు అన్నము పెట్టు భాష, దానిని బాగుగా నేర్వవలసినదే. కాని అక్కడ తెలుగునకు చోటు తగ్గినందున, ఇంట మాటలాడియు చదువ నేరని పిల్లలు మనలో పెరుగుచున్నారు. తమిళము, తెలుగు, ఆంగ్లము మూడింటను చదువను వ్రాయను వచ్చిన బిడ్డకు ఆస్పత్రిలోను, బ్యాంకులోను, అంగడిలోను ఎక్కువ విలువ గలదు.

చీనా ఐదు రెట్లు ముందుకు పోయినది గాని, మూడు భాషలు ఇంటనే దొరకు భాగ్యము మన బిడ్డలది. వారానికి రెండు గంటలు తెలుగు చదివించుటకు ప్రతి కుటుంబము పూనుకొనవలెనని కోరుచు ఇంతటితో విరమించుచున్నాము.